మట్టి టీచరు పోస్టు

తార్నాక,
7 జులై 1968

అమృతా,

నవ్వకుండా చదువుతానని ఒట్టు పెట్టుకుని ఈ ఉత్తరం చదువు. నాకు ఉద్యోగం వచ్చింది. యూనివర్సిటీ క్యాంపస్‌లో ఉద్యోగుల పిల్లల కోసం నడిపే చిన్న బడి ఒకటుంది. అక్కడ ఐదేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు పిల్లలకు మట్టితో వస్తువులు చేయడం నేర్పాలి. ఏడాది చివర వాటిని బల్లల మీద వరసగా పెట్టి తల్లిదండ్రులకు చూపించాలి. నేను! ట్రైనింగ్‌లో నేను చేసిన ఏనుగును చూసి మన లెక్చరరు బంగాళాదుంప బాగా కుదిరిందని మెచ్చుకున్న సంగతి నువ్వు మరిచిపోయి ఉండవు.

అన్నయ్య మల్లికార్జునకు యూనివర్సిటీ ఆఫీసులోనే గుమాస్తా పని కదా, తార్నాకలో వాళ్ళింట్లోనే ఉంటున్నాను. బడికి నడిచి వెళ్ళొచ్చు. మొదటిరోజు మా పెద్ద టీచరు అమ్మాజీ గారు తోటలోంచి రెండు బకెట్ల ఎర్రమట్టి తవ్వించి నా ముందు పెట్టారు. నీళ్ళు కలిపి ఉండలు చేయించాను. సాయంత్రానికి అన్నీ పొడి. బుచ్చిబాబు అని ఒక ప్రొఫెసరు గారబ్బాయి ఉన్నాడు. నా మొహంలోకి జాలిగా చూసి, "టీచర్, మీకు కూడా రాదా?" అన్నాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కుమ్మరింటి బిడ్డవు నువ్వు. ఉత్తరాల్లోనే నాకు నేర్పు తల్లీ. నువ్వు రాసింది పొద్దున చదివి మధ్యాహ్నం పిల్లలకు చెప్పేస్తాను. కాదనకు.

నీ రమ


జనగామ,
15 జులై 1968

రమా,

ఒట్టు తీసి గట్టున పెట్టి మరీ నవ్వాను. స్టాఫ్ రూములో నాకేమైందోనని అందరూ చూశారు.

నీకో సంగతి చెప్పాలి. ఆ పోస్టుకు నేనూ దరఖాస్తు పెట్టాను. నీకూ చెప్పలేదు, మా నాయినకూ చెప్పలేదు. వచ్చాక చెప్పి ఆశ్చర్యపరచాలనుకున్నాను. మా ఇంట్లో ఆడవాళ్ళు మట్టి తొక్కుతారు, జల్లిస్తారు, కానీ కుండలు చేసే చక్రం, సారె, ముట్టరు. సారె మగవాళ్ళది. చిన్నప్పుడు దాని దగ్గరికి పోతే నాయిన నా చేతిలో ఒక ముద్ద పెట్టి, "గిది తీస్కపొయ్యి గాడ కూసొని ఆడుకో బిడ్డా" అనేవాడు. అట్లా వేళ్ళతో చేసేవి మాత్రం నాకు వచ్చాయి. వాటిని నేర్పడానికి కూడా ఒక ఉద్యోగం ఉంటుందని పేపర్లో ఆ ప్రకటన చూసేదాకా నాకు తెలియదు. దాన్ని కత్తిరించి నెల రోజులు పుస్తకంలో పెట్టుకున్నాను.

పదిహేనేళ్ళుగా ఇక్కడే ఉన్న స్థానికులకే, ముల్కీలకే ఆ పోస్టు అని అందులో రాసి ఉంది కాబట్టి నాకు వస్తుందేమోనని ఆశపడ్డాను. అనంతపురం పిల్లవు నీకిచ్చారంటే ఆ షరతు తీసేసి ఉంటారు. మార్కులు ఎటూ నీవే ఎక్కువ. పోనీలే, పరాయివాళ్ళకు పోలేదు.

ఇక పాఠం. తోటమట్టి పనికిరాదు. మల్కాజ్‌గిరి పోయి మా నాయినను అడుగు. చెరువు మట్టి ఇస్తాడు. నానబెట్టి, రాళ్ళు ఏరి, చేతికి అంటుకోనంత వరకు పిసకాలి. మొదటి వారం ఏమీ చేయించకు. పిల్లలను కొట్టనీ, గుచ్చనీ, వాసన చూడనీ. తర్వాత ఉండ. ఆ తర్వాత పాము. ఆ తర్వాత గిన్నె. ఉండ నడుమ బొటనవేలు దించి, ఉండను తిప్పుకుంటూ అంచును మెల్లగా నొక్కుతూ పోవాలి. నువ్వు ఒకటి చేసి ముందు పెట్టి దానిలాగే చేయమనకు. నీ ఏనుగును చూస్తే పిల్లలు జడుసుకుంటారు.

అమృత


తార్నాక,
22 సెప్టెంబరు 1968

అమృతా,

నువ్వు రాసినట్టే చేస్తున్నాను. నువ్వు ఎంత మంచి టీచరువో నాకు ప్రతి మధ్యాహ్నం తెలుస్తోంది.

మీ నాయన మూడు గోనెసంచుల మట్టి బండి మీద వేసుకుని తానే బడికి వచ్చారు. అమ్మాజీ గారు కుర్చీ వేస్తే కూర్చోలేదు. పిల్లల మధ్య కింద కూర్చుని గంటసేపు మట్టి పిసికారు. ట్రైనింగ్ రోజుల్లో ప్రతి ఆదివారం మీ ఇంట్లో తిన్న జొన్నరొట్టె బాకీ ఇంకా తీరనే లేదు, ఇప్పుడు ఈ మట్టి కూడా. నేను మళ్ళీ ప్రతి ఆదివారం వెళ్తున్నాను. ఆయన నన్ను చూడగానే, "అచ్చిందా నా చిన్నబిడ్డ!" అంటారు. నాకు తల ఎత్తబుద్ధి కాదు.

హాస్టల్ మెస్సులో వంటచేసే కొమురెల్లి కూతురు సమ్మక్క అని ఆరేళ్ళ పిల్ల ఉంది. దొరల పిల్లల మధ్య మొదట నోరు విప్పలేదు. ఇప్పుడు గిన్నెలు తప్ప ఇంకేమీ చేయదు. రోజుకు నాలుగు. ఎందుకే ఇన్ని అంటే, "మెస్సుల రెండు నూర్ల మంది ఉన్నరు టీచర్, ఒకలకు పెట్టి ఒకలకు పెట్టకపోతే ఎట్ల?" అంది. బుచ్చిబాబు రైలు చేస్తున్నాడు. సీతాఫల్‌మండి స్టేషన్లో ఆగే రైలట. ఆగే రైలుకు చక్రాలు అవసరం లేదని వాడి వాదన.

కష్టం ఏమిటంటే పిట్టలకు తలలు ఊడిపోతున్నాయి, అతికించిన చోట పగుళ్ళు వస్తున్నాయి. కాల్చేటప్పుడు పేలిపోతాయని కూడా ఎవరో భయపెట్టారు. ఫిబ్రవరి ఆఖరున ప్రదర్శన. ఏం చేయాలో వెంటనే రాయి.

నీ రమ


జనగామ,
10 నవంబరు 1968

రమా,

పరీక్షల పేపర్లు దిద్దుతూ ఆలస్యం చేశాను.

తలలు ఊడడం నీ తప్పే. ఆరిపోయిన ఒంటికి తడి తల పెడితే ఎలా ఉంటుంది? రెండూ ఒకే తడిలో ఉండాలి. అతికే చోట రెండింటినీ పుల్లతో గీరి, పలచని మట్టినీళ్ళు రాసి, అప్పుడు నొక్కాలి. ఎండలో పెట్టకు. నీడన, తడిగుడ్డ కప్పి, నెమ్మదిగా ఆరనివ్వాలి. లోపల మందంగా ఉన్నవే కుండలు కాల్చే ఆవంలో పేలేది. పిట్ట కడుపు కింద చెంచాతో తొలిచి ఖాళీ చేయించు. వేలు మందాన గోడ ఉంటే చాలు.

ప్రదర్శనకు పెద్దవాళ్ళ బల్లలు వద్దు. ఇటుకల మీద పలకలు వేసి పిల్లల కంటి ఎత్తులో పెట్టు. ఎవరి పేరు వాళ్ళే పచ్చిమట్టి మీద పుల్లతో గీయాలి, అక్షరం తిరగబడినా సరే. నువ్వు సర్ది నున్నగా చేయకు. పగిలినదాన్ని దాచకు, దాన్నీ పెట్టు. దాని కోసం వెతుక్కునే పిల్ల ఒకతి ఉంటుంది.

మా నాయిన పక్కింటి భీమయ్య చేత కార్డు రాయించాడు. నీ గురించే సగం కార్డు. నువ్వు పోయి ఆయనతో మాట్లాడుతున్నందుకు నాకు ఎంత నిమ్మళంగా ఉందో చెప్పలేను. చివర్లో ఒక మాట రాయించాడు. ఎండాకాలంలో నీ కోసం ఏదో కాగితం మీద వేలిముద్ర వేశాడట, అది నీకు పనికొచ్చిందా అని నన్ను అడగమన్నాడు. ఏం కాగితం రమా? నాకు చెప్పనే లేదు.

అమృత


తార్నాక,
20 జనవరి 1969

అమృతా,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు తిట్టు. పని ఎక్కువైంది.

అరవై రెండు వస్తువులు తయారయ్యాయి. అన్నీ వెనక రేకుల గదిలో పలకల మీద నీడన ఆరుతున్నాయి. ఒక్క తల ఊడలేదు. సమ్మక్క గిన్నెలు మాత్రమే పందొమ్మిది. వచ్చేనెల మీ నాయన ఆవంలో కాల్చి ఇస్తానన్నారు. బడి పిల్లలందరినీ బండి మీద మల్కాజ్‌గిరి తీసుకెళ్ళాలని నా ఆశ.

ఇక్కడ పరిస్థితి పేపర్లలో చూస్తూనే ఉంటావు. క్యాంపస్‌లో రోజూ సభలు, ఊరేగింపులు. ఇక్కడివాళ్ళకు రావలసిన ఉద్యోగాలు బయటివాళ్ళు తన్నుకుపోయారని అంటున్నారు. కాలేజీలు మూశారు. మా బడి ఒకరోజు ఉంటే రెండు రోజులు లేదు. పక్క వాటాలోని కడప వాళ్ళు సామాను కట్టుకుని వెళ్ళిపోయారు. అన్నయ్య చీకటి పడకముందే ఇల్లు చేరుతున్నాడు. దారిలో ఎవరైనా మీదేవూరు టీచర్ అని అడిగితే మల్కాజ్‌గిరి అని చెబుతున్నాను. అలవాటైపోయింది.

ఆ కాగితం సంగతి అడిగావు. చిరునామా కోసం ఏదో అన్నయ్యే రాయించాడు. పెద్ద విషయమేమీ కాదు. నువ్వు మనసులో పెట్టుకోకు.

నీ రమ


జనగామ,
16 ఫిబ్రవరి 1969

రమాదేవి గారికి,

మా బడికి తహసీల్ కచేరీ నుంచి తాఖీదు వచ్చింది. ముల్కీ కాగితాలన్నీ మళ్ళీ పరీక్షిస్తున్నారట. మల్కాజ్‌గిరి కుమ్మరి లక్ష్మయ్య ఇంట్లో రమాదేవి అనే ఆమె పదిహేను సంవత్సరాలుగా ఆయన పెంపుడు కూతురిగా ఉంటున్నట్టు వేలిముద్రతో సాక్ష్యం ఉంది, ఆ ఇంటి కూతురిగా ఇది నిజమో కాదో ఈ నెలాఖరులోగా రాసి పంపమన్నారు. చదివినప్పుడు ముందు వాళ్ళేదో పొరపాటు పడ్డారనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. అదే నాకిప్పుడు సిగ్గుగా ఉంది.

నిన్న సెలవు పెట్టి నాయిన దగ్గరికి పోయాను. ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను. "పెండ్లి గాని పిల్ల. మనింట్ల తిన్నది, మనింట్ల పన్నది. ఆమె అన్న అచ్చి, గీ పిల్ల మీ ఇంట్లనే ఉంటదని వేలు వెట్టు లక్ష్మయ్యా అన్నడు. వెట్టిన. పదిహేనేండ్లో పదిహేను దినాలో నేనేమన్న లెక్కవెట్టిన్నా? ఇంటి బిడ్డకు ఎవలన్న లెక్కవెడ్తరా?" ఆ పోస్టుకు నేను కూడా దరఖాస్తు పెట్టానని అప్పుడు చెప్పాను. "నాకెందుకు జెప్పలే బిడ్డా?" అన్నాడు. అంతే.

ఆ షరతు నాలాంటి దాని కోసమే పెట్టారు. ఇన్ని బళ్ళు, ఇన్ని కాలేజీలు చూసుకుంటూ పెరిగిన మీతో మార్కుల్లో నేను పోటీ పడలేనని తెలిసే పెట్టారు. మా నాయిన వేలితోనే దాన్ని నాకు కాకుండా చేశారు. పైగా ఏడాదంతా నా చేతనే పాఠాలు చెప్పించుకున్నారు.

ఇప్పుడు నేను నిజమని రాస్తే నేను అబద్ధాలకోరును. కాదని రాస్తే మా నాయిన అబద్ధాలకోరు. ఏది రాయాలో మీరే చెప్పండి.

అమృతమ్మ


తార్నాక,
20 ఫిబ్రవరి 1969

అమృతా,

గారు అని రాశావు. నాకు తగినదే.

అంతా నిజం. నాకు తెలిసే జరిగింది. రెండేళ్ళుగా ఎక్కడా ఉద్యోగం దొరకలేదు. అన్నయ్య కాగితం తయారుచేసి తెచ్చాడు, నేను వద్దనలేదు. ఊళ్ళో అందరూ చేస్తున్నదేగా అనుకున్నాను. నువ్వు దరఖాస్తు పెట్టావని మాత్రం అప్పుడు తెలియదు. నీ మొదటి ఉత్తరం చదివినప్పుడు తెలిసింది. ఆ పూటే నీకు రాయాల్సింది. కాగితం కత్తిరించి పుస్తకంలో పెట్టుకున్నానని రాశావే, ఆ వాక్యం దగ్గర ఆగిపోయి ఎంతసేపు కూర్చున్నానో. తర్వాత నీ పాఠం పట్టుకుని బడికి వెళ్ళిపోయాను. పిల్లల చేతుల్లో మట్టి నిలబడడం మొదలయ్యాక ఇక వదులుకోలేకపోయాను. దానికి వేరే పేరు లేదు. ఆశ.

నువ్వు ఏదీ రాయకు. ఒక్క వారం ఆగు. వచ్చే సోమవారం నేనే కచేరీకి వెళ్తాను. లక్ష్మయ్య గారికి చదువు రాదు, అందులో ఏముందో ఆయనకు తెలియదు, మేమే మోసం చేసి వేలిముద్ర వేయించుకున్నామని నా చేత్తో రాసిస్తాను. అప్పుడు తప్పు ఆయన మీదికి రాదు. నీ మీదికీ రాదు. ఇది ఒక్కటైనా నన్ను చేయనివ్వు.

రమ


తార్నాక,
12 ఏప్రిల్ 1969

అమృతా,

నీ నుంచి జవాబు లేదు. రాస్తావని అనుకోలేదు.

నేను వెళ్ళలేదు. ఆ సోమవారం బయలుదేరాను. అన్నయ్య గుమ్మంలో అడ్డం కూర్చున్నాడు. "నీ ఉద్యోగం పోతే పోనీ. దొంగ కాగితం పుట్టించినానని నా ఉద్యోగమూ పోతాది. మన యమ్మ, పిల్లోల్లు ఏం తిని బతకల్ల? నువ్వే చెప్పు" అని ఏడ్చాడు. అన్నయ్య ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. మంగళవారం కచేరీ గేటు దాకా వెళ్ళి తిరిగి వచ్చాను. బుధవారం అసలు బయలుదేరలేదు. నేను అడిగిన వారం ఆగావు, ఇంకొక రోజు కూడా ఆగావు. ఇరవై ఎనిమిదిన నీ జవాబు పంపావని అమ్మాజీ గారి ద్వారా తెలిసింది. నిజమే రాశావు. నువ్వు రాయకుండా ఉండాలని లోపల్లోపల అనుకున్నాను. ఇది కూడా చెప్పేస్తున్నాను, ఇక దాచడానికి ఓపిక లేదు.

నన్ను తీసేశారు. నాకేమీ కాలేదు, ఉద్యోగం పోయింది, అంతే. మీ నాయనను మాత్రం రెండుసార్లు పిలిపించి నిలబెట్టి అడిగారట. అన్నయ్య పేరు ఆయన చెప్పలేదు. "నేనే వెట్టిన" అన్నారట.

పోయిన ఆదివారం మల్కాజ్‌గిరి వెళ్ళాను. తిడతారని, తిట్టాలని వెళ్ళాను. మంచినీళ్ళిచ్చారు. పిల్లల బొమ్మలు కాల్చి పెట్టమని సిగ్గు విడిచి అడిగాను. "లేదు బిడ్డా. అబద్ధానికి వేలు వెట్టిన చేత్తోని మా ఇంట్ల ఆవం ముట్టియ్యరు. మా తాతల కాడికెల్లి గట్లనే ఉన్నది" అన్నారు. వేరేవాళ్ళ ఆవంలోనైనా పెట్టించండి అంటే వినలేదు. ఆయన కోపంగా లేరు. కోపంగా ఉన్నా బాగుండేది.

ఎల్లుండి అనంతపురం వెళ్ళిపోతున్నాను. బడి ఇంకా మూసే ఉంది. అమ్మాజీ గారికి నీ పేరు చెప్పాను. ఆ పోస్టు నీది. మొదటి నుంచీ నీదే. నా మీద కోపంతో దాన్ని వదులుకోకు, నీ కాళ్ళు పట్టుకుంటాను.

రమ


మల్కాజ్‌గిరి,
6 జులై 1969

రమా,

మళ్ళీ పేరు పెట్టి పిలుస్తున్నానంటే సర్దుకున్నానని కాదు. గారు అని రాసే ఓపిక కూడా పోయింది. ఇది ఒక్కటి నీకు తెలియాలని రాస్తున్నాను. దీనికి జవాబు వద్దు.

అమ్మాజీ గారు నాకు ఉత్తరం రాశారు. ముల్కీ కాగితం తెచ్చుకుని చేరమన్నారు. నేను సంతోషపడ్డాను. అబద్ధం ఎందుకు, జనగామలో చెప్పు కాలికి నిలవనంత సంతోషపడ్డాను. కాగితానికి ఇద్దరు సాక్షులు కావాలి. మా నాయినను, భీమయ్యను తీసుకుని కచేరీకి పోయాను. నాయిన ఉతికిన ధోవతి కట్టుకున్నాడు. నా బిడ్డ కాగితానికి వేలు వెడితే పాత మరక పోతుందని దారిపొడుగునా భీమయ్యకు చెబుతూ వచ్చాడు.

గుమాస్తా పేరు చూసి ఇంకో ఫైలు తెరిచాడు. "లక్ష్మయ్య అంటే గా కేసుల వేలు వెట్టినోడు గదా? ఈయన సాక్ష్యం నడువది. ఇంకొకల్ని తెచ్చుకో" అన్నాడు.

నాయిన చేతులు జోడించాడు. "గప్పుడు తప్పు జేసిన సార్. గీమె అట్ల గాదు. గీమె నా బిడ్డ. గా ఇంట్లనే పుట్టింది."

"గా పిల్ల గూడ నీ బిడ్డనే అని రాసిచ్చినవ్ గదా" అన్నాడు గుమాస్తా. అతను వెటకారంగా కూడా అనలేదు. ఫైలులో ఉన్నది చదివినట్టే అన్నాడు. వరసలో మా వెనక ఉన్నవాళ్ళు నవ్వారు.

నాయిన జోడించిన చేతులు అట్లాగే ఉన్నాయి. నేను పట్టుకుని కిందికి దించాల్సి వచ్చింది.

భీమయ్య, "నువ్వు ఫికర్ జెయ్యకు బిడ్డా, మా తమ్ముణ్ణి పిలుస్త, పావుగంటల అయితది" అన్నాడు. నిజమే. పావుగంటలో అయిపోయేది. ఆ పోస్టు నాకు వచ్చేది. నేను ఈ జన్మలో ఏదైనా కావాలని కోరుకున్నానంటే అది ఒక్కటే. కానీ మా నాయిన మాట చెల్లదని ఆయన ఎదుటే ఒప్పుకుని, పక్కింటివాళ్ళ మాట మీద నేను ఆయన కూతురినని రాయించుకోలేకపోయాను. దరఖాస్తు వెనక్కి తీసుకుని బయటికి వచ్చాను. బస్సులో నాయిన నా పక్క కూర్చోలేదు. వెనక సీటులో కూర్చున్నాడు.

దారిలో క్యాంపస్ దగ్గర దిగి, రానని చెప్పడానికి అమ్మాజీ గారి దగ్గరికి పోయాను. నాయిన గేటు బయటే ఉన్నాడు. ఆమె నన్ను రేకుల గదిలోకి తీసుకెళ్ళారు. అరవై రెండూ ఉన్నాయి. అన్నీ బాగా ఆరాయి. గోడలు ఒకే మందంలో ఉన్నాయి, అతుకులు గట్టిగా ఉన్నాయి. నువ్వు బాగా నేర్పావు రమా. ఇది చెప్పకూడదని ఎంత అనుకున్నా చెబుతున్నాను. నేనైతే ఇంతకంటే బాగా నేర్పేదాన్ని. ఇది కూడా చెబుతున్నాను.

ఉద్యోగం పోయినందుకు నిన్ను ఎప్పటికైనా క్షమించేదాన్నేమో. ఆ కచేరీలో మా నాయిన నిలబడిన తీరుకు క్షమించలేను. ఇరవై ఎనిమిదో తేదీన కలం పట్టుకున్నందుకు నన్ను నేనూ క్షమించుకోలేకున్నాను. నిజం రాస్తే మనసు తేలికవుతుందని పిల్లలకు చెబుతుంటాను. ఇక చెప్పను.

ఆ పోస్టును ఎత్తేస్తున్నారు. ఆ గదిలోకి విరిగిన బెంచీలు వస్తాయి. బడి వచ్చేవారం తెరుస్తారట. సమ్మక్క ఇప్పటికే రెండుసార్లు కిటికీలోంచి తొంగిచూసి, "మా గిన్నెలు ఎప్పుడు కాలుస్తరు?" అని అడిగి పోయిందట. దానికేం చెప్పమంటారని అమ్మాజీ గారు నన్ను అడిగారు. నాకు తెలియదని చెప్పి, నాయిన ఎండలో నిలబడి ఉంటే బయటికి వచ్చాను.

అమృత